ఏడో గడిలో సంతకం

పోయిన వారం మీరు మమ్మల్ని నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో వదిలేసి వెళ్లారు. కిటికీ పక్కన మా నాయన యోబు, ఆయన పక్కన నేను, నా ఒళ్లో ఒక కవరు. ఆ కవరులో నేను బొంబాయిలో ఆరు నెలలు కూర్చుని రాసిన వ్యాసం ఉంది. సిరివెళ్ల దాటాక ఇక ఆగలేక, "నాయనా, పదేళ్ల తర్వాత నీ చర్చికి నీ పేరు వస్తాంది" అని చెప్పేశాను. ఆయన కళ్లనీళ్లు పెట్టుకుంటాడని, నేను తుడవాలని, అంతా ముందే ఊహించుకుని ఉన్నాను. ఆయన మాత్రం "ఎవురినడిగి చేసినావ్ మ్మే ఈ పని?" అన్నాడు. ఆ తర్వాత ఆళ్లగడ్డ వచ్చేదాకా నోరు విప్పలేదు.

ఇప్పుడే ఈ కథలోకి వచ్చినవాళ్లు కంగారు పడక్కర్లేదు. కొట్లాటంతా ఒక్క పేరు గురించే. 1971లో నంద్యాలలో మా పేట జనానికి నాయన చర్చి కట్టాడు. నాపరాళ్ల గోడలు, తూర్పు వైపు ఎనిమిది రాతి కిటికీలు. ఆ కిటికీల్లో రాయిని వలలా తొలిచిన జాలి పని ఆళ్లగడ్డ శిల్పి, నాయన స్నేహితుడు చెన్నకేశవులు చిన్నాయనది, ప్లాను గీత నాయనది. ఆదివారం ఆరాధన మొదలయ్యే వేళకు ఎండ ఆ కిటికీల్లోంచి వచ్చి బలిపీఠం మీద కాకుండా, చాపల మీద కూర్చున్న జనం మీద పడుతుంది. 1973లో 'ఎలివేషన్' అనే బొంబాయి పత్రిక ఆ చర్చికి నాలుగు పేజీలు ఇచ్చి, దేశంలో ఇట్లాంటి వెలుగు ఎక్కడా చూడలేదని రాసింది. ఆర్కిటెక్టు అన్న చోట మాత్రం మా నాయన పేరు లేదు. సుబ్బరాయుడి పేరు ఉంది.

సుబ్బరాయుడు ఆళ్లగడ్డ పక్క పల్లెలో భూములున్న ఇంటి కొడుకు. ఆర్కిటెక్టు చదువుకు వెళ్లకముందు రెండేళ్లు మా వసారాలో నేల మీద కూర్చుని నాయన దగ్గర గీత నేర్చుకున్నాడు. క్రైస్తవ మేస్త్రిని 'అయ్యవారూ' అని పిలిచినందుకు ఇంట్లో చీవాట్లు తిన్నాడు. నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు, నేనూ సరేనన్నాను. పత్రిక వచ్చిన వారం అతను మా గుమ్మంలోకి వచ్చి నిలబడితే, "మా నాయన పేరు మింగింది చాల్లేదా, ఇంగ నేనూ కావల్నా?" అని అడిగాను. అతను తల వంచుకున్నాడు. ఒక్క మాట చెప్పలేదు. తప్పు చేసినవాడే అట్లా నిలబడతాడని ఇరవై ఒకటో ఏట నాకు గట్టి నమ్మకం. తలుపు వేసేశాను.

ఆ తర్వాత నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. వెళ్లి ఆ పత్రికలోనే ఉద్యోగం సంపాదించాను.

'ఎలివేషన్' గురించి కొంచెం చెప్పాలి. మా ముగ్గురి బతుకులూ దాని పేజీల మధ్యనే నలిగాయి. 1958లో బొంబాయిలో ఒక అచ్చాఫీసు మేడ మీద నలుగురు ఆర్కిటెక్టులు దాన్ని మొదలుపెట్టారు. అప్పట్లో ఇల్లు కట్టించేవాడికి ఇంజినీరు తెలుసు, మేస్త్రి తెలుసు. ఆర్కిటెక్టు ఎవరో, వాడెందుకో తెలియదు. ఎక్కడ ఏ పోటీ పెట్టారు, ఎవరు ఏం కట్టారు, కట్టింది కారుతోందా నిలిచిందా అన్నది మూడు నెలలకొకసారి అచ్చువేసి దేశమంతా పంపారు. మద్రాసులో కూర్చున్నవాడికి అహ్మదాబాదులో ఏం కడుతున్నారో తెలిసింది ఆ పత్రిక వల్లనే. ఈ వృత్తికి ఒక చట్టం కావాలని ఏళ్ల తరబడి సంపాదకీయాలు రాశారు. చట్టం వచ్చింది, రిజిస్టరు వచ్చింది, ఆర్కిటెక్టుకు ఒక నంబరు వచ్చింది. పత్రికకు తమ కట్టడాన్ని పంపేవాళ్లు నింపే ఫారంలో అప్పుడే ఏడో గడి చేరింది. పేరు, నంబరు, సంతకం. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం వచ్చిన దారినే తిరిగిపోతుంది. దొంగ ఆర్కిటెక్టుల బారి నుంచి జనాన్ని కాపాడాలని పెట్టిన గడి అది. ఉద్దేశం మంచిదే. మంచి ఉద్దేశాలకు మా నాయన లాంటివాళ్లు ఆనరు, అంతే తేడా.

1976లో ప్రూఫులు దిద్దే పనిలో చేరి మెల్లగా సహాయ సంపాదకురాలినయ్యాను. ఈ ఏడు, 1983లో, పత్రికకు ఇరవై అయిదేళ్లు నిండాయి. ప్రత్యేక సంచికకు పత్రిక చరిత్ర రాయమని నాకే ఇచ్చారు. అందులో ఒక అధ్యాయానికి 'మేము చేసిన ఒక తప్పు' అని పేరు పెట్టాను. ఎడిటరుకు నచ్చింది కానీ ఆయన పద్ధతి మనిషి. "మీ నాన్నగారు సంతకం పెట్టి ఇది నాదని చెప్పాలి. లేదా ఆ సుబ్బరాయుడు ఒప్పుకోవాలి. రెండింట్లో ఏదో ఒకటి అందాకే అచ్చు" అన్నాడు. శుక్రవారం దాకా గడువిచ్చాడు. ఎవరి గురించి చెడుగా రాస్తే వాళ్లకు ముందు ప్రూఫు చూపించడం మా ఆనవాయితీ, అందుకని సుబ్బరాయుడికి హైదరాబాదుకు ఒక కాపీ వెళ్లింది. అతను ఒప్పుకుంటాడన్న ఆశ నాకు ఏ మూలా లేదు. నాయన సంతకానికి చిన్నాయన సాక్షి సంతకం తోడైతే తిరుగుండదని ఆదివారమే బొంబాయి నుంచి బయల్దేరి వచ్చాను, బుధవారం పొద్దున ఇద్దరం బస్సెక్కాం.

చెన్నకేశవులు చిన్నాయన షెడ్డు కడప రోడ్డు మీదే ఉంటుంది. బయట కాళ్లింకా రాయిలోనే ఉన్న ఆంజనేయుడు, లోపల వరసగా అమ్మవార్లు. నాయన ఎవరినీ పలకరించకుండా లోపలికి పోయి ఒక రాతి దిమ్మె మీద కూర్చున్నాడు.

"కేశవులూ, ఉలి పక్కన పెట్టు. పాప ఏందో రాసిందంట. నువ్వూ వినల్ల."

చిన్నాయన నా మొహం చూశాడు, నాయన మొహం చూశాడు, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని కింద చతికిలబడ్డాడు. ఆయన భార్య గోవిందమ్మ మజ్జిగ తెచ్చి, మా వాలకం చూసి, చెంబులు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

"చదువు" అన్నాడు నాయన.

"ఇంగ్లీషులో ఉంది నాయనా."

"తెలుగులో చెప్పు. నా మింద రాసింది నాకు తెలియల్ల గదా."

చెప్పాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదట్లో గొంతు పెంచి మరీ చెప్పాను. ఎనిమిది కిటికీల గురించి రాసింది చెప్పినప్పుడు చిన్నాయన "అద్దీ" అన్నాడు. తర్వాత సుబ్బరాయుడి వంతు వచ్చింది. నేను రాసిన వాటిలో నాకు బాగా నచ్చిన వాక్యం అక్కడే ఉంది. 'భూమి ఉన్న ఇంట్లో పుట్టినవాడికి భూమి చాలలేదు. భూమి లేని గురువు చేతి గీతను కూడా సంతకం పెట్టి తన పేర రాయించుకున్నాడు.' బొంబాయిలో ఈ వాక్యం చదివి ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఆపు" అన్నాడు నాయన.

"ఇంకా ఉంది."

"ఆపు మ్మే. ఆ సంతకం వాడు పెట్టలా. నేను పెట్టించినా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ముసలాయన శిష్యుడి మీద మమకారం కొద్దీ మాట కప్పుతున్నాడనుకుని, కోపం కూడా వచ్చింది.

"నువ్వు పెట్టించేదేంది నాయనా? వానికి చదవడం రాదా? ఆర్కిటెక్టు అని రాసుంటే దాని కింద సంతకం పెడతారా ఎవరన్నా?"

"నంద్యాలలో ముప్పై ఏండ్లు ప్లాన్లు గీసినా. ఒక్కటన్నా నా పేరుతో మునిసిపాలిటీకి పోయిందా? చెప్పు. గీత నాది, సంతకం లైసెన్సు ఉండే ఆయనది. ఎవురైనా అంతే చేస్తారు. సంతకం పెట్టినాయన కట్టినాడని యాడన్నా అనుకుంటారా? గోడ కూలితే ఆయన్ను పట్టుకుంటారు, అందుకు పెట్టేది సంతకం. బొంబాయోళ్లదీ అట్లాంటి ఆఫీసే అనుకుంటి. చర్చి వివరాలు నింపి పంపమని ఫారం వచ్చె. ఏడో గడిలో నంబరు కావల్లనిరి. నాకు నంబరు యాడిది? బస్సెక్కి హైదరాబాదుకు పోతి. వాడు ఆఫీసులో ఉండె, నలుగురు మనుషుల మధ్యలో. నన్ను చూసి లేసి నిలబడె. 'ఈడ ఒక సంతకం పెట్టు' అంటి. పెట్టినాడు."

"చదవకుండా?"

"అయ్యవారు ముందర పెట్టిన కాగితం చదివి సంతకం పెడతారా మ్మే ఎవురన్నా?"

చిన్నాయన నేల మీది రాతిపొడిని వేలితో గీస్తూ కూర్చున్నాడు. ఆయనకు ఇదంతా ముందే తెలుసునని అప్పుడు నాకు అర్థమైంది. నా చేతిలో కాగితాలు బరువెక్కాయి. కింద పెట్టడానికి కూడా చోటు కనపడలేదు.

"పుస్తకం వచ్చినంక వాడే తెచ్చినాడు, నాకు చూపియ్యల్లని" అన్నాడు నాయన. "ఈడికే వస్తిమి. నా పేరు కోసం పేజీలన్నీ తిప్పితి. ఇంగ్లీషు రాకపోతే ఏమి, ఇంగ్లీషు బైబిల్లో నా పేరు మూడక్షరాలే గదా, గుర్తు పెట్టుకోనుంటి. యాడా ల్యా. అప్పుడు తెలిసె నాకు, అది పర్మిషను ఆఫీసు కాదని."

"వాడు ఏడ్సినాడు పాపా" అన్నాడు చిన్నాయన తల ఎత్తకుండా. "ఈడనే కూలబడి ఏడ్సినాడు. ఇప్పుడే బొంబాయికి రాస్తా, ఇది నాది కాదు, అయ్యవారిది అని రాస్తా అన్నె. మీ నాయనే వద్దనె."

"ఎందుకు వద్దన్నావ్ నాయనా?"

"చట్టం కొత్తది. వేరేవాని ప్లాను మింద సంతకం పెట్టినాడని తెలిస్తే రిజిస్టరులో పేరు కొట్టేస్తారంట. వాడే చెప్పె, కొట్టేస్తే కొట్టేయనీ అనె. నేను పని నేర్పిన పిల్లోడు మ్మే వాడు. వాని పేరు కొట్టేస్తే నా పేరు ఎక్కిస్తారా? నాకు నంబరే ల్యాకపాయె. ఇద్దరికీ ల్యాకుండా పోతాది. ఎవురికీ చెప్పనని ప్రమాణం చేయమంటి. చేసినాడు. పదేండ్లు నిలబెట్టుకున్నె."

"నాకు కూడా చెప్పద్దన్నావా?"

"ఎవురికీ అంటే ఎవురికీ అనే."

నేను గుమ్మంలో అడిగిన ప్రశ్నకు అతను తల వంచుకున్నది అందుకు. నోరు విప్పితే ప్రమాణం పోతుంది. విప్పకపోతే నేను పోతాను. అతను నన్ను పోనిచ్చాడు. నేనేమో ఆ తల వంచుకోవడాన్ని పట్టుకుని పదేళ్లు బతికాను. అది దొంగ మొహమని నాకెవరూ చెప్పలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. భూమి ఉన్నవాడు లేనివాడి కష్టం కాజేయడం ఈ సీమలో నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, కాబట్టి ఇదీ అదేననుకున్నాను. అందరూ నమ్మారు కూడా. నమ్మడానికి అంత తేలికైన కథ ఇంకోటి ఉండదు.

"మరి నీకు పేరు వద్దా నాయనా?" అని అడిగాను. ఏడుపు వచ్చేస్తోంది.

"ఎందుకు వద్దు? కావల్ల. చచ్చేలోపల ఒక్కసారన్నా చూసుకోవల్లని ఉంటాది. అందుకని వాని గొంతు కోసి తెచ్చుకుందునా?" నన్ను తేరిపార చూశాడు. ఆయన కళ్లు ఇప్పుడు సరిగా కనపడవు, అయినా చూశాడు. "మ్మే, నువ్వు వాన్ని వద్దనింది... వాళ్లింట్లో ఒప్పుకోలేదని గదా నాకు చెప్పినావ్?"

పదేళ్ల కిందట ఆయనకు అబద్ధం చెప్పాను. తన పేరు కోసం కూతురి పెళ్లి చెడిందని ఆయన కుమిలిపోతాడని, సుబ్బరాయుడి వాళ్లే వద్దన్నారని చెప్పాను. ఇప్పుడు అబద్ధం చెప్పడానికి కూడా నోరు రాలేదు.

"దీనికా?" అన్నాడు. "ఈ పుస్తకానికా మ్మే?"

నాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తూ కూర్చున్నాడు. ఆయన ఏడవడం నేను మా అమ్మ జీవమ్మ పోయిన రోజు కూడా చూడలేదు. ఇప్పుడు చూశాను. చప్పుడు లేదు, భుజాలు ఎగిరిపడటం లేదు, కళ్లలోంచి నీళ్లు గడ్డంలోకి దిగుతున్నాయి. చిన్నాయన లేచి వచ్చి ఆయన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేశాడు.

"యోబన్నా, ఏడ్వాకు. అచ్చు పడలేదు గదా ఇంకా. ఆపేస్తే పోతాది."

"ఆపు మ్మే" అన్నాడు నాయన. "పదేండ్లు పోతే పోయినాయి. వాన్నన్నా మిగలనీ."

ఆపుతాను నాయనా, అని లేచాను. బుధవారమే కదా, ఇంకా రెండు రోజులుంది. నేను సంతకం తీసుకెళ్లకపోతే వ్యాసం ఆగిపోతుంది. అయినా మనసు ఒప్పక, పోస్టాఫీసుకు వెళ్లి బొంబాయికి ట్రంకు కాల్ అడిగాను. సాయంత్రానికి దొరికితే దొరకొచ్చు, లేకపోతే లేదు అన్నారు. టెలిగ్రాం ఫారం తీసుకున్నాను. రాయడానికి ఎక్కువ లేదు. వ్యాసం ఆపండి. అందులో సుబ్బరాయుడి గురించి రాసింది నిజం కాదు. తప్పు నాది. దెబోరా.

పత్రికలో పనిచేసిన ఏడేళ్లలో నేను రాసిన వాటిలో నిజమంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉందనిపించింది. గుమాస్తా ఫారం చదివి, నన్నొకసారి ఎగాదిగా చూసి, ముద్ర వేశాడు. బయటికి వచ్చాక ఊపిరి కొంచెం తిరిగింది. ఉద్యోగం పోతుంది, పోనీ అనుకున్నాను. హైదరాబాదు వెళ్లి అతని కాళ్లు పట్టుకోవాలి అనుకున్నాను. ఏ మొహంతో వెళ్లాలో తెలియలేదు.

వెళ్లక్కర్లేకపోయింది. షెడ్డుకు తిరిగి వస్తుంటే కర్నూలు బస్సు ఆగింది. దిగినవాళ్లలో ఒకాయన చేతిసంచి భుజానికి తగిలించుకుని నాకేసి చూస్తూ నిలబడ్డాడు. చెవుల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, మనిషి సగమయ్యాడు. పదేళ్లు.

"నంద్యాలకు పోతే ఇద్దరూ ఈడికొచ్చినారనిరి" అన్నాడు సుబ్బరాయుడు. "ప్రూఫు చదివినా. బాగా రాసినావ్ దెబోరా."

"అట్లనాకు. నాకు ఇప్పుడే తెలిసింది. నాయన అంతా చెప్పినాడు. సంతకం, ప్రమాణం, అంతా. నన్ను..." క్షమించమని అడగబోయి మాట మార్చాను. "టెలిగ్రాం ఇచ్చి వస్తాండా. ఆపేయమని చెప్పినా. నీకేం కాదు."

అతని మొహంలో నేను ఎదురుచూసినది ఏదీ కనపడలేదు. అయోమయంగా చూశాడు.

"ఇప్పుడు చెప్పినాడా? అంటే, అయ్యవారు చెప్తే రాయలేదా నువ్వు?"

"ఆయనకు ఈ పొద్దు దాకా తెలియనే తెలియదు."

సంచి భుజం మీద నుంచి జారింది. అతను దాన్ని పట్టుకోలేదు.

"నేను ఆయనే రాయించినాడనుకుంటి. ముసలితనం వచ్చె, పేరు చూసుకోవల్లని ఆశ పుట్టింటాది, అందుకే నన్ను ప్రమాణంలోంచి ఇడిసిపెట్టినాడు అనుకుంటి. సంతకం నాతో ఆయన పెట్టించినాడని చెప్తే మళ్లీ ఆయన్నే తప్పు పడతారు. నేను దొంగనైతే ఆయన పేరు సుద్దంగా వస్తాది గదా అని..."

"ఏం చేసినావ్?"

"సోమవారం మీ ఎడిటరుకు ఫోన్ చేసి ఒప్పుకున్నా. దెబోరా రాసిందంతా నిజం, దొంగతనం చేసినా అని చెప్పినా. రిజిస్టరులో నుంచి నా పేరు తీసేయమని నేనే రాసి పంపినా."

"అచ్చు?" అని అడిగాను.

"నిన్ననే మొదలుపెట్టినారంట. నా ఒప్పుకోలు కూడా చేర్చి. ఇంగ ఎవురి సంతకమూ అక్కర్లేదన్నె ఆయన."

రోడ్డు అవతల షెడ్డులోంచి నాయన బయటికి వచ్చాడు. చిన్నాయన చెయ్యి పట్టుకుని ఉన్నాడు. చూపు సరిగా ఆనకపోయినా నిలబడిన తీరును బట్టి శిష్యుణ్ణి గుర్తుపట్టినట్టున్నాడు, చిన్నాయన చెయ్యి వదిలేసి, లారీ వస్తున్నా చూడకుండా రోడ్డు దాటి వచ్చేశాడు. వచ్చి సుబ్బరాయుడి చెయ్యి ఒక చేత్తో, నా చెయ్యి ఒక చేత్తో పట్టుకున్నాడు. చెంపల మీద తడి ఇంకా ఆరలేదు. నవ్వుతున్నాడు.

"వస్తివా నాయనా! పాపకు అంతా చెప్పేసినా. ఇంగ నీకూ దానికీ మధ్య ఏం ల్యా. పొద్దున్నే లేసి మంచి పని చేసినాం" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఏమ్మే, ఆపేసినానని చెప్పినావా వానికి?"